ఆ నవ్వు ఎక్కడిది?

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుండగానే లోపలి నుంచి నవ్వు వినిపించింది ఆ తల్లికి! అలాంటి ఇలాంటి నవ్వు కాదు... పొట్ట పట్టుకుని, ఊపిరందక, ఒక క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యే నవ్వు. ఇంకెవరింట్లోనైనా కూతురు అలా నవ్వితే తల్లి ఏం చేస్తుంది? "ఏంటే అంత నవ్వు, నాకూ చెప్పు" అంటూ తనూ నవ్వుముఖంతో లోపలికి వెళుతుంది. ఈ తల్లి మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. 'అయిపోయింది... అంతా అయిపోయింది... మళ్ళీ మింగింది!' అనుకుంది.

ఆమెను అనకండి. ఆ ఇంట్లో నవ్వంటే ఏమిటో తెలిస్తే ఎవరూ అనలేరు. చిన్నప్పుడు గలగలా మాట్లాడుతుందని చిలక అని పిలుచుకున్న ఆ కూతురు సిటీ బస్సు నడిపేది. అంత పెద్ద బస్సుని సందుల్లో మలుపు తిప్పుతూ, అడ్డొచ్చిన వాళ్ళని కిటికీలోంచి తల బయటపెట్టి దులిపేసేది. ఒకరోజు చక్రం గుంతలో పడి, సీటు కింద స్ప్రింగు విరిగి, చిలక నడుం పట్టు తప్పింది. ఆపరేషనయింది. నొప్పి తెలియకుండా ఉండటానికి మాత్రలు రాసిచ్చారు. నొప్పి పోయింది కానీ మాత్రలు పోలేదు! ఒకటి రెండయింది, రెండు గుప్పెడయింది, మందుల షాపు వాడు లేదంటే ఏ సందులోనో ఎవడి దగ్గరో కొనే దాకా వచ్చింది. ఆ రోజుల్లో మాత్ర పడగానే నవ్వేది చిలక. తల్లిని వాటేసుకునేది, వంటింట్లో గిరగిరా తిరిగేది. నా బిడ్డకి నొప్పి తగ్గిందని మురిసిపోయేది ఈ పిచ్చితల్లి! అసలు సంగతి బయటపడ్డాక ఉద్యోగం పోయింది, అల్లుడు పాపని తీసుకుని వేరే ఉంటున్నాడు, నవ్వు అనే మాటకే ఆ ఇంట్లో అర్థం మారిపోయింది. నవ్విందంటే మింగిందన్నమాట!

తర్వాత చికిత్స జరిగింది. చిలక ఆ పాడు మాత్రలు మానేసింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ మానేసిన చిలక గోడకి తిరిగి పడుకుంది. తిను అంటే తింటుంది, లే అంటే లేస్తుంది. పిలిస్తే చూసే చూపులో ఎవరూ ఉండరు! నెలలు అలాగే గడిచాయి. "మానేసిందిగా, ఇంకా ఏం రోగం? ఒళ్ళు బద్ధకం కాకపోతే!" అని తమ్ముడు విసుక్కునేవాడు. తల్లి మాత్రం కూతురు ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఇలాంటి ఇంట్లో, ఒక శనివారం మధ్యాహ్నం, ఆ నవ్వు!

ముందుగదిలోకి ఒక్క అంగలో వెళ్ళింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది చిలక. ముఖమంతా ఎర్రబడింది, కళ్ళ నిండా నీళ్ళు. పక్కన కుర్చీలో రాత్రి కాపలా డ్యూటీ చేసొచ్చిన తండ్రి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఏం మింగావే?"

చిలక తండ్రి వైపు వేలు చూపించబోయింది. "అమ్మా... నాన్న... అదీ..." నవ్వు ఆగలేదు, మాట రాలేదు.

"ఏం మింగావని అడుగుతున్నా! చెప్పు!"

జబ్బ పట్టుకుని కిటికీ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. గడ్డం పట్టి ముఖాన్ని ఎండకెత్తింది. ఆ మాత్రలు మింగితే కంటిపాపలు కుంచించుకుపోతాయని ఎవరో చెప్పిన నాటి నుంచి రోజూ పొద్దున్నే కూతురి కళ్ళు చూడటం ఆమెకి అలవాటు. చూసింది... దేవుడా! రెండూ సూదిమొనల్లా ఉన్నాయి!

చెంప ఛెళ్ళుమంది.

ఆ నవ్వు ఆగిపోయింది. ఆగిపోవడం కాదు, ఎవరో లోపలికి చెయ్యి పెట్టి లాగేసినట్టు పోయింది. ఎర్రగా ఉన్న ముఖం చూస్తూ చూస్తూండగానే సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. "ఎవరు? ఎవరు కొట్టారు?" అంటూ తండ్రి ఉలిక్కిపడి లేచి, తన బట్టతల తానే తడుముకున్నాడు.

ఆ తల్లికి ఇవేవీ కనపడటం లేదు. దిండు గలీబు తిరగేసింది, పరుపు లేపింది, చేతిసంచి నేల మీద గుమ్మరించింది. దువ్వెన, పిన్నులు, పాత బస్సు పాసు... ఏమీ దొరకలేదు. దొరకలేదంటే దాచడం బాగా నేర్చిందన్నమాట! ఇంతలో కొడుకు వచ్చాడు. ఫోన్లమ్మే షాపులో గుమాస్తా, ఇంట్లో అందరి మీదా పెత్తనం చేస్తాడని తండ్రి వాడికి మేనేజరు అని పేరు పెట్టాడు. ఇల్లు చూశాడు, తల్లి ముఖం చూశాడు, ఏమీ అడక్కుండానే బావకి ఫోను కలిపాడు.

"బావా, రేపు పాపని తీసుకురావద్దు. ఇక్కడ మళ్ళీ మొదలైంది."

రేపు ఆదివారం. ఎన్ని నెలల తర్వాతో ఆ పసిది చిలక దగ్గరికి రావాల్సిన రోజు! ఆ మాట వినగానే తల్లి నోరు తెరిచింది... మళ్ళీ మూసుకుంది. రానీకపోవడమే మంచిదేమో, అది ఈ స్థితిలో ఉండగా పసిదానికి ఏమైనా అయితే... అనుకుంది. అలా ఊరుకున్న ఆ ఒక్క క్షణాన్నీ చిలక చూసింది.

మెల్లగా లేచి చెప్పులు వేసుకుంది. "పద."

"ఎక్కడికే?"

"మూత్రం పరీక్ష చేయించు. సీసా పట్టుకుని నువ్వే నిలబడు."

నిలబడింది కూడా! క్లినిక్కులో ఆ ఇరుకు బాత్రూం తలుపు బయట, నర్సు మొహమాటపడుతున్నా కదలకుండా నిలబడింది. పట్టీ ముంచి చూశారు. చికిత్స చేస్తున్న డాక్టరమ్మ చిలకని బయట కూర్చోబెట్టి తల్లిని లోపలికి పిలిచింది.

"ఏమీ లేదమ్మా. నేను రోజూ నాలుక కింద పెట్టుకోమన్న మందు తప్ప ఇంకేదీ లేదు."

"సరిగ్గా చూడండమ్మా! కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. నా కళ్ళతో చూశాను."

"ఎక్కడ చూశారు?"

"కిటికీ దగ్గర."

"ఎండలోనా?" డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఎండలో నిలబెడితే నా కళ్ళూ అలాగే అవుతాయి, మీ కళ్ళూ అలాగే అవుతాయి."

"మరి ఆ నవ్వు? మింగకపోతే ఆ నవ్వు ఎక్కడిది?"

డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టింది. "నవ్విందా? ఎంతసేపు నవ్వింది?" అని అడిగింది, ఎవరికో కాన్పయిందని వింటున్నట్టు.

అప్పుడు చెప్పింది. మనిషి మెదడు తన సంతోషాన్ని తనే తయారు చేసుకుంటుందట, కొన్ని రసాయనాలతో. అంతకు ఎన్నో రెట్లు మాత్రల రూపంలో బయటి నుంచి వచ్చి పడుతుంటే, ఇక నేనెందుకు చేయాలని అది చేతులు ముడుచుకుంటుందట. వాటిని అందుకునే చోట్లు కూడా మొద్దుబారిపోతాయట. మాత్ర మానేసిన మర్నాడే అంతా మామూలైపోదు. నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఆ మధ్యకాలంలో కన్నబిడ్డని చూసినా ఏమీ అనిపించదు. "అది బద్ధకం కాదమ్మా, డిప్రెషన్. మానేసిన వాళ్ళు చాలామంది మళ్ళీ మాత్ర వైపు పోయేది అక్కడే... సుఖం కోసం కాదు, ఆ బోలుతనం భరించలేక. అందుకే కదా దిగులు తగ్గడానికని ఇంకో మందు కూడా మొదలుపెట్టాను. మీరు విన్న నవ్వు మాత్రది కాదు. ఆమె మెదడు తనంతట తాను చేసుకున్నది."

హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి ఆ తల్లి. ఆపేసిన బాయిలరుని మళ్ళీ వెలిగిస్తే ఆవిరి వెంటనే రాదని ఆమెకి తెలుసు. పైపులు ఎంతోసేపు చల్లగా, చచ్చినట్టు ఉంటాయి. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట టక్కుమంటుంది. ఆ టక్కుమన్న చప్పుడు తనకి వినపడింది... వినపడగానే సుత్తి తీసుకుని కొట్టింది! కోపం భగ్గుమంది. అది తన మీదో, లోకం మీదో తెలియలేదు, ఎదురుగా ఉన్న తెల్లకోటు మీదికి దూకింది.

"ఇంత తెలిసినవాళ్ళు అప్పుడెందుకు చెప్పలేదమ్మా? ఆపరేషనయ్యాక మీలాంటి కోటు వేసుకున్నాయనే కదా రాసిచ్చింది! నొప్పి ఉన్నా లేకపోయినా వేళకి వేసుకోమన్నాడే! పనికిమాలిన సబ్బుపొడి డబ్బా మీద కూడా కళ్ళకి తగలనీయకు అని రాస్తారు... నా బిడ్డకి ఒక్క మాట చెప్పడానికి మీ నోళ్ళేమయ్యాయి? దాని ఉద్యోగం పోయింది, కాపురం పోయింది, ఇప్పుడు తీరిగ్గా మెదడని పాఠం చెబుతున్నారా?"

డాక్టరమ్మ తల వంచుకుంది. "చెప్పాల్సింది. చెప్పలేదు" అంది. అంతే. పోట్లాడటానికి ఎదురు మనిషి కూడా మిగల్లేదు ఆ తల్లికి!

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. సగం దారిలో అడిగింది తల్లి. "ఎందుకు నవ్వావే?"

"ఈగ" అంది చిలక, వార్తలు చదివినట్టు.

"ఈగా?"

"నాన్న బట్టతల మీద వాలింది. నిద్రలోనే ఫట్‌మని కొట్టుకున్నాడు. 'పాసు చూపించు, పాసు లేనిదే గేటు తీయను' అన్నాడు. అది లేచి మళ్ళీ వాలింది. మళ్ళీ కొట్టుకుని, 'నాతో పెట్టుకోకు, పెద్దసారుకి చెబుతా' అన్నాడు."

తల్లికి గొంతులో నవ్వు ఎగదన్నుకొచ్చింది. ఆపుకోబోతే కళ్ళల్లోంచి నీళ్ళయి కారింది. చిలక ముఖంలో ఏ కదలికా లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నవ్వమ్మా. నీకు ఫర్వాలేదు. నిన్నెవరూ కొట్టరు."

కత్తి దింపినా అంత బాధ ఉండదు! ఇంటికి చేరే దాకా ఆ తల్లి చీరకొంగు నోట్లో కుక్కుకునే కూర్చుంది.

ఇంట్లో అడుగుపెడుతూనే కొడుకు మీద విరుచుకుపడింది. "ఫోను చెయ్యి బావకి! అక్క ఏమీ మింగలేదు, అమ్మకే మతిపోయిందని చెప్పు!"

"ఇవాళ మింగలేదంటావు, రేపు..."

"నోర్ముయ్యి! పెద్ద మేనేజరు బయల్దేరాడు! అది నవ్వింది మీ నాన్న బట్టతల చూసి!"

"నా బట్టతలా?" అన్నాడు తండ్రి అయోమయంగా. "అందుకేనా, మధ్యాహ్నం నుంచి మంట పుడుతోంది!"

కొడుకు ఫోను చేశాడు. అల్లుడు రెండు ముక్కలు విని, "ఇలాంటివి చాలా విన్నానులే" అని పెట్టేశాడు. చిలక తన మంచం మీదికి వెళ్ళి గోడకి తిరిగింది. ఆ రాత్రంతా ఆ తల్లి మనసులో ఎన్ని పీడకలలు తిరిగాయో! అది లేచి సందులోకి వెళ్ళిపోతుందేమో... వెళ్ళకపోయినా, లేవదేమో...

పొద్దున్నే అల్లుడి కళ్ళజోళ్ళ షాపు ముందు నిలబడింది. అల్లుడు అప్పుడే అద్దం ముందు ఒకాయనకి ఫ్రేములు చూపిస్తున్నాడు. వెనకగదిలో పాప బొమ్మలు గీసుకుంటోంది.

"అల్లుడుగారూ, పాపని పంపండి!"

"అత్తయ్యా, ఇది షాపు..."

"షాపయితే ఏం? నేనే తప్పు చేశాను! మాత్ర మింగిందని ఉత్తపుణ్యానికి దాన్ని కొట్టాను. పరీక్షలో ఏమీ లేదు. నన్ను తిట్టండి, కావాలంటే నాలుగు తగిలించండి, కానీ దాని బిడ్డని దానికి చూపించండి!"

"ఈ ఫ్రేము బాగుందాండీ?" అన్నాడు అద్దం ముందు పెద్దమనిషి, ఎటు చూడాలో తెలియక.

"బాలేదు, ముఖం సన్నగా కనపడుతోంది. ఇంకోటి చూసుకోండి!" అని కసిరి మళ్ళీ అల్లుడి వైపు తిరిగింది. అల్లుడి ముఖం జేవురించింది.

"కన్నతల్లి మీరు! ఒకే ఇంట్లో ఉండి ఏది మాత్ర నవ్వో, ఏది మామూలు నవ్వో మీరే పోల్చుకోలేకపోయారు. నేనెలా పోల్చుకోను? నేనొక్కణ్ణే మీ కూతురితో ఉన్నప్పుడు ఎవర్ని అడగను? ఆ రోజు పాపని ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ మత్తులోకి జారిపోయింది, పాప మంచం మీంచి పడింది. నుదుటి మీద గాటు ఇంకా ఉంది, వెళ్ళి చూడండి! అది నవ్విందంటే మీకే కాదు, నాకూ గుండె ఆగిపోతుంది అత్తయ్యా!"

ఆమె కోపం కాస్త చల్లారింది. అచ్చం తన గుండెలో ఉన్న భయమే, ఇంకో మనిషి నోట్లోంచి! భుజం మీద చెయ్యి వేయబోయి, అల్లుడని ఆగింది.

"భయపడండి బాబూ. వద్దని ఎలా అంటాను? నేనూ భయపడుతూనే ఉంటాను, కట్టెల్లో కాలే దాకా! కానీ మన భయానికి దాన్ని కొట్టుకుంటూ పోతే అది ఇంకెందుకు బతకాలి? మీరు పక్కనే కూర్చోండి. పాప చెయ్యి వదలకండి. కానీ రండి."

అల్లుడు చాలాసేపు ఆ ఫ్రేముల అర సర్దుతూ నిలబడ్డాడు. "గంట. గంటే ఉంటాం" అన్నాడు చివరికి.

ఇంటికి వచ్చేసరికి తండ్రి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "పొద్దున్నుంచి లేవలేదు. మందు కూడా వేసుకోలేదు. వేసుకోమ్మా అంటే 'ఎందుకు' అంటోంది. ఆ ఒక్క మాటే..."

ఆ తల్లి రాత్రంతా భయపడిన 'ఎందుకు' అదే! పరుగున లోపలికి వెళ్ళింది. మంచం పక్క స్టూలు మీద మందు అలాగే ఉంది.

"చిలకా... పాప వచ్చిందే. చూడు తల్లీ..."

చిలక ఇటు తిరిగింది. "ఎవరు తెమ్మన్నారు?"

"నేనే వెళ్ళి..."

"నువ్వే రాకుండా చేస్తావు! నువ్వే తెస్తావు!" చిలక లేచి కూర్చుంది. దిండు తీసి గోడకేసి కొట్టింది. "నేను నవ్వితే కొడతావు! నవ్వకపోతే ఏడుస్తావు! ఇన్ని నెలలు ఈ గోడకేసి చూస్తూ పడున్నానే, నాకేమీ అనిపించలేదు, తెలుసా నీకు? పాప ఫోటో చూస్తే ఏమీ లేదు! నువ్వు ఏడిస్తే ఏమీ లేదు! ఇది మనిషి పుట్టుకేనా, నేను లోపల చచ్చిపోయానా అనుకున్నాను! నిన్న ఒక్క ఈగ... ఒక్క ఈగ అమ్మా! లోపల ఏదో కదిలింది. ఇది నాదే, ఏ మాత్రదీ కాదు, నాదే అనుకున్నాను! దాన్ని కూడా నువ్వు లాక్కున్నావ్!"

ఆ అరుపుకి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ అక్కా! పసిపిల్ల ముందు ఏంటా కేకలు? అమ్మనుకున్నావా, ఇంకెవరనుకున్నావ్?"

"నువ్వు తప్పుకోరా!" అని అరిచింది తల్లి. "దాన్ని అననీ!"

ఎందుకంటే చూసింది ఆమె. చిలక మెడ మీద నరం ఉబ్బింది. చెంపల్లోకి రక్తం వచ్చింది. బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అడ్డదిడ్డంగా వచ్చినవాణ్ణి దులిపేసిన ఆ గొంతే ఇది! తన మీదే విరుచుకుపడుతున్నా సరే, ఆ గొంతులో మనిషి ఉంది. ఎన్నాళ్ళకో మొదటిసారి ఆ తల్లికి భయం వేయలేదు.

గుమ్మంలో అల్లుడి వేలు పట్టుకుని నిలబడిన పాప, పెద్ద కళ్ళేసుకుని అడిగింది. "అమ్మమ్మా, అమ్మ నిన్నెందుకు తిడుతోంది?"

"నేను తప్పు చేశానమ్మా. తిట్టాలి కదా మరి!"

పాప కాస్త ఆలోచించింది. "సరే తిట్టు అమ్మా" అని ఆ వేలు వదలకుండానే లోపలికి ఒక అడుగు వేసింది. అల్లుడు ఆపలేదు. తనూ ఒక అడుగు వేశాడు.

చిలక ఆయాసపడుతూ కూతుర్ని చూసింది. నవ్వలేదు. ఏడవనూ లేదు. చూసింది, అంతే... కానీ ఆ చూపులో ఎవరో ఉన్నారు. తర్వాత తల్లి వైపు తిరిగి, "నిన్ను నేను ఇప్పుడే క్షమించను. నేను తిట్టాల్సింది ఇంకా అయిపోలేదు" అంది. స్టూలు మీది మందు తనంతట తానే తీసుకుని నాలుక కింద పెట్టుకుంది.

ఆ మందు కరిగే దాకా నోరు మెదపకూడదు. అందుకని గదిలో అందరూ ఊరుకున్నారు. చిలక కళ్ళు ఎర్రజేసి తల్లినే చూస్తోంది, ఎక్కడికీ కదలకు అన్నట్టు వేలు ఎత్తి పట్టుకుంది. పాప కూడా వేలెత్తి పట్టుకుంది. కొడుకు గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. తల్లి వంటింట్లోంచి పీట తెచ్చుకుని, మంచానికి ఎదురుగా వేసుకుని, కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది.

కొంతసేపటికి చిలక గుటక మింగింది. "ఎక్కడ ఆపాను?" అంది కోపంగా.

"లాక్కున్నావన్న దగ్గర" అంది తల్లి. "అక్కడి నుంచి చెప్పు. నాకివాళ పనేమీ లేదు."